కంచెగుంజలోని పాషాణం: ఆస్క్యూ విధానంపై ఒక విమర్శ

కొయ్యను చెదల నుండి, కుళ్ళు నుండి కాపాడడానికి ఇరవయ్యవ శతాబ్దంలో దేశదేశాల వాడుకలోకి వచ్చిన ఒక లవణ మిశ్రమాన్ని రూపొందించినవారు తెలుగువారు. డెహరాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో దారుసంరక్షణను గూర్చి పరిశోధించిన సొంటి కామేశం 1933లో దానిని కనుగొన్నారు. ఆర్సెనిక్, రాగి అనే రెండు మూలకాల రసాయన సంకేతాలను జోడించగా దానికి ‘ఆస్క్యూ’ అని పేరు వచ్చింది. తంతి స్తంభాలు, విద్యుత్ స్తంభాలు, వంతెనల దూలాలు, కంచెగుంజలు ఈ మందు పట్టించుకొని దశాబ్దాల తరబడి నిలిచాయి. అయితే డెబ్బయి ఏళ్ళు గడిచేసరికి ఇదే మిశ్రమాన్ని ఇళ్ళలో, పిల్లలు ఆడుకొనే చోట్లలో వాడరాదని అనేక దేశాలు నిర్ణయించుకొన్నాయి.

ఒక తరానికి ఉపకారిగా కనిపించిన వస్తువు మరొక తరానికి వర్జ్యం కావడానికి కారణమేమిటి? లోపం ఆవిష్కరణలో ఉన్నదా, వాడినవారిలో ఉన్నదా, దాని మంచిచెడ్డలను తూచిన తూకంలో ఉన్నదా? ఈ ప్రశ్న ప్రయోగశాలలకు మాత్రమే పరిమితమైనది కాదు. మెదక్ జిల్లా టేక్మాల్ వంటి ఊళ్ళలో చెరువు కింద, బావి పక్కన పాత గుంజను పెరికి కొత్తది పాతే రైతు ఎదుటికి కూడ ఇదే ప్రశ్న వస్తుంది. పెరికిన గుంజను ఏమి చేయాలి? అది ఇంకా గట్టిగా ఉన్నది. పారవేయడానికి మనసొప్పదు. మరి దానిని నీటి దగ్గర మళ్ళీ వాడవచ్చునా?

కొయ్య ఎక్కడ చెడుతుంది?

పాత కంచెగుంజను ఒకదానిని పెరికి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. పైభాగం ఎండకు, వానకు నెరసి పగుళ్ళు బారినా లోపల గట్టిగానే ఉంటుంది. లోతుగా దిగిన మొదలు కూడ తరచు అంత చెడి ఉండదు. నేలమట్టానికి జానెడు పైన, జానెడు కింద ఉన్న భాగమే చివికి, చేతితో నలిపితే పొడి అవుతుంది.

దీనికి కారణం సులభంగానే తెలుస్తుంది. కొయ్యను కుళ్ళబెట్టేవి శిలీంధ్రాలు. కొయ్యలోని సెల్యులోజు, లిగ్నిన్ వాటికి ఆహారం. ఆహారంతోపాటు వాటికి తేమ, గాలి, తగినంత వెచ్చదనం కావాలి. కొయ్య బరువులో తేమ సుమారు 20 శాతానికి తక్కువగా ఉన్నప్పుడు అవి పెరగలేవు. కనుక ఇంటి దూలం వంద ఏళ్ళయినా నిలుస్తుంది. కొయ్య పూర్తిగా నీటిలో మునిగి ఉన్నప్పుడు తేమకు కొదువ లేదు గాని ఆమ్లజని అందదు. అప్పుడు కూడ కుళ్ళు చాలా నెమ్మదిగా సాగుతుంది. నేరేడు కొయ్య నీటిలో చెడదని పెద్దలు చెప్పే మాటలో నేరేడు గొప్పతనంతోపాటు నీటి అడుగున గాలి లేకపోవడం కూడ ఇమిడి ఉన్నది.

తేమ, గాలి రెండూ సమృద్ధిగా కలిసే తావు నేలమట్టం. కాబట్టి గుంజకు ఆయువుపట్టు అక్కడే ఉన్నది. చెరువు శిఖంలోనో, అలుగు పక్కనో పాతిన గుంజకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఋతుపవనాలకు నీరు ఎక్కుతుంది, వేసవికి దిగుతుంది. ఏటేటా తడిసి, ఏటేటా ఆరే కొయ్యకు నాలుగు వైపులా శత్రువులే. నీరు దిగిన కాలంలో చెదలు కూడ వచ్చి చేరుతాయి.

ప్రకృతి కొన్ని చెట్లకు స్వయంరక్షణను ఇచ్చింది. టేకు, ఏగిస, నల్లమద్ది, సోమి మొదలైన చెట్ల చేవలో శిలీంధ్రాలకు, చెదలకు గిట్టని పదార్థాలుంటాయి. అయితే ఆ రక్షణ చేవకే గాని దాని చుట్టూ ఉండే తెల్లకొయ్యకు లేదు. మంచి టేకు గుంజ అయినా దాని తెల్లకొయ్య రెండు మూడేళ్ళలో పుచ్చిపోతుంది. చేవగల కలప అరుదైపోతున్న కొద్దీ, చేవలేని చౌకకొయ్యకు మనిషి కృత్రిమంగా రక్షణ కల్పించవలసి వచ్చింది.

కామేశం సాధించినది

కొయ్యకు విషం పట్టించడం కామేశంతో మొదలు కాలేదు. ఇంగ్లండులో కయాన్ అనే ఆయన 1832లో పాదరస లవణాన్ని వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. 1838లో బెథెల్ అనే ఆయన బొగ్గుతారు నుండి తీసిన నూనెను ఇనుప గొట్టాలలో వత్తిడితో కొయ్యలోనికి ఎక్కించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. క్రియోసోట్ అనబడే ఆ తారునూనె రైలు పట్టాల కింది దిమ్మెలకు ఎంతో కాలం రక్షణనిచ్చింది. ఫ్రాన్సులో బూషెరీ అనే శాస్త్రజ్ఞుడు మైలుతుత్తపు ద్రావణాన్ని పచ్చి దుంగలలోనికి పంపి, చెట్టు రసాన్ని వెడలగొట్టే ఉపాయాన్ని కనిపెట్టాడు.

తారునూనె వాసన ఘాటైనది. అది పట్టించిన కొయ్య జిడ్డుగా ఉంటుంది, రంగు వేయడానికి పనికిరాదు. నీటిలో కరిగే లవణాలకు ఈ చిక్కు లేదు. అవి శుభ్రమైనవి, చౌక అయినవి. కాని వాటికి పుట్టుకతోనే వచ్చిన లోపం ఒకటి ఉన్నది. నీటితో కొయ్యలోనికి పోయిన లవణం నీటితోనే బయటికి వస్తుంది. నాలుగు వానలు పడేసరికి మందు నేలపాలవుతుంది, కొయ్య చెదల పాలవుతుంది.

కామేశం పరిష్కరించినది సరిగా ఈ చిక్కునే. ఆయన ఆర్సెనిక్ పెంటాక్సైడును, మైలుతుత్తాన్ని, డైక్రోమేటును 1:3:4 నిష్పత్తిలో కలిపారు. రాగి శిలీంధ్రాలను అణచివేస్తుంది. ఆర్సెనిక్ చెదలను, రాగిని సహించగల కొన్ని శిలీంధ్రాలను కూడ అరికడుతుంది. డైక్రోమేటు పని వేరు. కొయ్యలోని చక్కెరలు, లిగ్నిన్ మొదలైన పదార్థాలు డైక్రోమేటులోని ఆరు వేలెన్సీ క్రోమియమును మూడు వేలెన్సీ క్రోమియముగా మార్చివేస్తాయి. నారింజ రంగు ద్రావణం క్రమంగా ఆకుపచ్చ బారుతుంది. ఇట్లా మారిన క్రోమియం ఆర్సెనిక్‌ను పట్టుకొని నీటిలో కరగని సమ్మేళనంగా ఏర్పడుతుంది. రాగి కూడ కొయ్యలోని అణువులతో బంధం కట్టుకొంటుంది. నీటిలో కరిగి లోనికి ప్రవేశించిన మందు, లోపల చేరిన తరువాత నీటికి లొంగని రాయిగా మారుతుందన్నమాట. ఈ మార్పునే స్థిరీకరణ అంటారు. ఎండ వేడిమిని బట్టి దీనికి కొద్ది రోజుల నుండి కొన్ని వారాల దాకా పడుతుంది.

ఈ ఆలోచనలో గొప్ప రసాయన ప్రజ్ఞ ఉన్నది. కొయ్యను ఒక జడవస్తువుగా చూడక, రసాయనచర్యలో పాలుపంచుకొనే వస్తువుగా చూచి, దానిచేతనే మందును బంధింపజేయడం ఇందులోని విశేషం. 1938లో కామేశానికి అమెరికా పేటెంటు లభించింది. అదే సంవత్సరం నుండి అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో నేలలో పాతిన కొయ్యగూటాలతో సాగిన పరీక్షలలో, మందు పట్టని గూటాలు కొద్ది ఏళ్ళలోనే నశించగా ఈ తరహా మిశ్రమాలు పట్టినవి దశాబ్దాలు గట్టిగా నిలిచాయి. ఒక గుంజ పదిసార్లు మార్చవలసిన చోట ఒకసారి పాతితే చాలునంటే, మిగిలిన తొమ్మిది గుంజల చెట్లు అడవిలోనే ఉంటాయి. ఈ మేలును తక్కువగా అంచనా వేయరాదు.

పరీక్ష ఎక్కడ ఆగింది?

అయినప్పటికీ ఈ విజయాన్ని కొలిచిన కొలబద్దను పరిశీలించవలసి ఉన్నది. దారుసంరక్షణలో చిరకాలం ప్రధానంగా అడిగిన ప్రశ్న ఒక్కటే: కొయ్య ఎన్నేళ్ళు నిలిచింది? గూటాన్ని ఏటేటా పెరికి, తట్టి, గట్టిదనాన్ని చూచి మార్కులు వేశారు. మందులో ఎంత భాగం మట్టిలోనికి పోయింది, ఎంత నీటిలోనికి పోయింది అన్న లెక్క కూడ తీశారు గాని, ఆ లెక్కలో ముఖ్యంగా చూచినది మిగిలిన మందు కొయ్యను కాపాడడానికి చాలునా లేదా అనే. పోయిన మందు ఎవరి కడుపులోనికి చేరుతుందన్న విచారణ చాలా ఆలస్యంగా మొదలయింది. పని తీరిన కొయ్య ఎక్కడికి పోతుందన్న విచారణ అంతకంటె ఆలస్యంగా వచ్చింది.

స్థిరీకరణ ఎంత బాగా జరిగినా అది సంపూర్ణం కాదు. మందు పట్టించిన తరువాత మొదటి వానలలో ఎక్కువగాను, తరువాత ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగాను ఆర్సెనిక్, రాగి, క్రోమియం వెలికి వస్తూనే ఉంటాయి. స్థిరీకరణ పూర్తికాక ముందే కొయ్యను తడిచోట వాడితే నష్టం మరింత. ఆమ్లగుణం గల నీరు తగిలితే బంధాలు సడలుతాయి. పులిసే పేడకుప్ప, ఆకుల కుళ్ళు, పశువుల మేతను మాగవేసే గుంట ఇటువంటి చోట్లే.

ఈ లోపానికి కామేశాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. తాగునీటిలో ఆర్సెనిక్ ఎంత ఉండవచ్చునన్న విషయంలో ఆనాటి ప్రపంచానికే స్పష్టత లేదు. 1942లో అమెరికా ప్రజారోగ్య శాఖ లీటరుకు 0.05 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని 1993లో 0.01 మిల్లీగ్రాముకు, అనగా అయిదవ వంతుకు తగ్గించింది. భారత తాగునీటి ప్రమాణం కూడ నేడు 0.01 మిల్లీగ్రామునే అంగీకరిస్తున్నది. దీర్ఘకాలం కొద్దికొద్దిగా లోనికి పోయే ఆర్సెనిక్ చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి కాన్సరు కలిగిస్తుందన్న జ్ఞానం స్థిరపడిన కొద్దీ హద్దు బిగిసింది. తప్పుపట్టవలసినది ఆ జ్ఞానం వచ్చిన తరువాత కూడ కొయ్య ఆయుర్దాయం ఒక్కదానినే మంచికి గుర్తుగా చూపే అలవాటును. పాతకాలపు కొలబద్దతో కొలిచి ఇచ్చిన ప్రశంసాపత్రం కొత్త కాలానికి చెల్లదు.

విద్యార్థులు వేయదగిన ఒక లెక్క

ఇందులోని పరిమాణాలను గుర్తించడానికి ఒక చిన్న లెక్క చాలును. 10 సెంటీమీటర్ల మందం, 2 మీటర్ల పొడవు గల గుండ్రని గుంజను తీసికొందాం. దాని ఘనపరిమాణం సుమారు 0.0157 ఘనమీటరు. నేలలో పాతే కొయ్యలో ఘనమీటరుకు 6.4 కిలోగ్రాముల మందు ఆక్సైడుల రూపంలో ఉండాలన్నది అమెరికాలో వాడిన ఒక ప్రమాణం. ఆ లెక్కన, మందు గుంజ అంతటా సమంగా పట్టిందనుకొంటే, మొత్తం సుమారు 100 గ్రాములు ఉంటుంది. తరువాతి కాలంలో అక్కడ స్థిరపడిన మిశ్రమంలో ఆర్సెనిక్ పెంటాక్సైడు 34 శాతం. దానిలో శుద్ధ ఆర్సెనిక్ బరువు సుమారు 65 శాతం. కాబట్టి ఒక్క గుంజలో ఉన్న ఆర్సెనిక్ దాదాపు 22 గ్రాములు.

లీటరుకు 0.01 మిల్లీగ్రాము హద్దు అయినప్పుడు, 22 గ్రాములు 22 లక్షల లీటర్ల నీటిని హద్దు దాకా తీసికొనిపోగలవు. అంతా ఒక్కసారి వెలికి రాదు. నూటికి ఒక వంతు మాత్రమే వచ్చిందనుకొందాం. అది 0.22 గ్రాము. 3 మీటర్ల వ్యాసం గల బావిలో 3 మీటర్ల లోతు నీరుంటే ఆ నీరు సుమారు 21,200 లీటర్లు. ఆ నూటికి ఒక వంతు ఆ బావిలో కలిస్తే నీటిలో ఆర్సెనిక్ హద్దును కొద్దిగా దాటుతుంది.

ఇది కాగితంపై లెక్క. నిజమైన బావిలో నీరు ఊరుతూ, తోడబడుతూ ఉంటుంది. గుంజకు, బావికి మధ్య ఉన్న మట్టి కూడ అడ్డుపడుతుంది. ఇనుప ఆక్సైడులు గల ఎర్రనేల ఆర్సెనిక్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది. మెట్టచేనులో గుంజల చుట్టూ మట్టిలో ఆర్సెనిక్ పెరిగినా, దూరం పోయిన కొద్దీ త్వరగా తగ్గిపోవడానికి ఇదే హేతువు. అయితే అదే మట్టి నెలల తరబడి నీటిలో నాని, గాలి ఆడక ఉన్నప్పుడు కథ మారుతుంది. ఇనుప ఆక్సైడులు క్షయకరణం చెంది కరుగుతాయి. అవి పట్టి ఉంచిన ఆర్సెనిక్ విడుదల అవుతుంది. వరిమడిలో జరిగేది ఇదే. నిలవనీటిలో పెరిగే వరి ఇతర ధాన్యాలకంటె ఎక్కువగా ఆర్సెనిక్‌ను పీల్చుకొనడానికి ఇదొక ముఖ్యకారణం. కనుక మెట్ట కంచెలో దాదాపు నిరపాయమైన గుంజ, చెరువు కింది తరిపొలంలో నిరపాయమని చెప్పడానికి వీలులేదు. ఒకే గుంజ, ఒకే మందు; చోటు మారగానే తీర్పు మారింది.

రాగి సంగతి వేరొకటి. మనిషికి అంతగా హాని చేయని రాగి, చేపపిల్లలకు, నత్తలకు, పాచికి స్వల్పమాత్రలోనే విషం. పాచిని చంపడానికి చెరువులలో మైలుతుత్తం చల్లే వాడుకే దీనికి సాక్ష్యం.

రంపం, నిప్పు

నీటికంటె వేగంగా ఈ బంధాలను తెంచేవి రెండున్నాయి. మొదటిది రంపం. కోసినప్పుడు రాలే పొట్టుకు ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది కాబట్టి, గుంజ నుండి ఏళ్ళ మీద రావలసిన మందు పొట్టు నుండి త్వరలో వస్తుంది. ఆ పొట్టును పశువుల కింద పరచినా, కూరపాదులకు వేసినా అది నేరుగా ఆహారంలోనికి దారి తీస్తుంది.

రెండవది నిప్పు. మందు పట్టిన కొయ్యను కాల్చినప్పుడు ఆర్సెనిక్‌లో కొంత పొగతో లేస్తుంది. మిగిలినది బూడిదలో గడ్డకడుతుంది. బూడిదలోని క్రోమియం కొంత తిరిగి ప్రమాదకరమైన ఆరు వేలెన్సీ రూపానికి మారవచ్చు. కామేశం నేర్పుగా కట్టిన ముడిని నిప్పు విప్పివేస్తుందన్నమాట. 1984లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వచ్చిన ఒక నివేదిక దీనికి నిదర్శనం. విస్కాన్సిన్ రాష్ట్రపు పల్లెపట్టున ఒక కుటుంబం ఇల్లు వెచ్చచేసికొనడానికి ఇటువంటి మందు పట్టిన కొయ్యను పొయ్యిలో కాల్చింది. ఇంటిల్లిపాదికీ ఏళ్ళ తరబడి దద్దులు, జుట్టు రాలడం మొదలైన బాధలు కలిగాయి. చివరకు కారణం ఆ పొయ్యి అని తేలింది.

కట్టెపొయ్యి ఇంకా ఆరని పల్లెలలో, బూడిదతో అంట్లు తోమి, దానినే పాదులకు చల్లే వాడుక ఉన్నచోట, ఈ హెచ్చరికకు విలువ ఎక్కువ. పాత గుంజకు అతి సహజంగా కనిపించే గతి పొయ్యిలోనికి పోవడమే. అన్నిటికంటె చెడ్డ గతి కూడ అదే.

చట్టాల తీరు

అమెరికాలో ఉత్పత్తిదారులు ప్రభుత్వంతో 2002లో చేసికొన్న ఏర్పాటు ప్రకారం 2003 డిసెంబరు 31 తరువాత ఇళ్ళ వాడకానికి ఈ మిశ్రమాన్ని కొయ్యకు పట్టించడం ఆగిపోయింది. ఐరోపా సంఘం 2003లో ఇచ్చిన ఆదేశం మరింత వివరంగా గీతలు గీసింది. ఇళ్ళలోను, తరచు చర్మం తగిలేచోట్లను, మనుషుల, పశువుల ఆహారం తగిలేచోట్లను, సముద్రజలాలలోను ఈ కొయ్యను నిషేధించింది. వంతెనలు, విద్యుత్ స్తంభాలు, పశువుల కంచెగుంజలు మొదలైన కొన్నిటికి అవకాశం మిగిల్చింది.

ఈ చట్టాలలో మెచ్చవలసినది ఉన్నది. అవి వస్తువును మంచిది, చెడ్డది అని ఒకే మాటతో తేల్చక, దానిని వాడే చోటును బట్టి విడదీశాయి. అంతకుముందు కట్టిన కట్టడాలను వెంటనే పెరికివేయమని కూడ అమెరికా ప్రభుత్వం ఆజ్ఞాపించలేదు. గట్టిగా ఉన్న గుంజను భయంతో పెరికితే ఒక చోట నిలకడగా ఉన్న విషం చేతులు మారుతుంది. దాని స్థానంలో కొత్తది కావలసి వస్తుంది. నిలిచి ఉన్న గుంజను ఉన్నచోటనే ఉండనీయడం చాలా సందర్భాలలో వివేకం.

విమర్శకు గురికావలసినది కూడ ఉన్నది. కొత్త కొయ్యను అదుపు చేసినంత సులభంగా చట్టం పాత కొయ్యను అదుపు చేయలేదు. స్తంభం పని తీరి అమ్ముడుపోయిన తరువాత అది చేతులు మారిన కొద్దీ దాని చరిత్ర చెరిగిపోతుంది. మూడవ యజమానికి అది కేవలం ఒక గట్టి కొయ్య. హైదరాబాదు సమీపాన దుండిగల్‌లో అపాయకర వ్యర్థాలను భద్రపరచే కేంద్రం ఒకటి ఉన్నది. అది పరిశ్రమల వ్యర్థాలను ఉద్దేశించి ఏర్పడినది. రెండు విరిగిన గుంజలు గల రైతు అక్కడికి ఎట్లా పోగలడు? మందు తయారు చేసినంత శ్రద్ధగా దానిని తిరిగి సేకరించే ఏర్పాటు చేయకపోవడం ఈ విధానమంతటిలో తీరని కొరత.

ఆర్సెనిక్ లేని కొత్త మందులు వచ్చాయి. వాటిలో కొన్నిటిలో రాగి పాలు మునుపటికంటె హెచ్చు. కనుక మనిషికి మేలైనవి చేపకు మేలైనవి కాకపోవచ్చు. మామూలు ఇనుప మేకులను కూడ అవి త్వరగా తినివేస్తాయి. బోరాక్సు మిశ్రమాలు మనిషికి అంతగా హాని చేయవు గాని వానకు కొట్టుకొనిపోతాయి. అవి ఇంటి లోపలి కొయ్యకే తగినవి. నీటి దగ్గర కొయ్యకు సర్వవిధాల నిర్దోషమైన మందు ఇంకా దొరకలేదు.

టేక్మాల్ గెట్టుమీద

టేక్మాల్ మంజీర పరీవాహకంలోని ప్రాంతం. మంజీర సింగూరు జలాశయాన్ని దాటి, ఘనపురం ఆనకట్ట మీదుగా నిజాంసాగర్ చేరుతుంది. ఈ ప్రాంతంలో ఒక చెరువు అలుగు దూకిన నీరు దిగువన మరొక ఊరికి సాగునీరు. ఒకరు నీటిలో విడిచినదానిని మరొకరు వాడుకొనవలసిందే. ఈ నేపథ్యంలో పాత గుంజ ప్రశ్నకు జవాబును శాస్త్రం సూచించిన క్రమంలో ఇట్లా చెప్పుకొనవచ్చు.

మొదట గుంజ ఏదో గుర్తించాలి. మందు పట్టిన కొయ్యకు లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది గాని ఎండకు అది వెలిసిపోతుంది. నల్లగా, తారువాసనతో ఉన్నది క్రియోసోట్ పట్టిన పాత రైలు దిమ్మె కావచ్చు. విదేశీ సరుకుల అడుగున వచ్చే కొయ్యచట్రాలపై ‘హెచ్.టి.’ అన్న గుర్తు ఉంటే వాటిని పురుగులు చావడానికి వేడి మాత్రమే చేశారని అర్థం. చరిత్ర తెలియని కొయ్యను మందు పట్టినదిగానే భావించడం క్షేమం.

ఇక మళ్ళీ వాడే చోటు. మెట్టచేను సరిహద్దున, బావికి, కుంటకు దూరంగా ఆ గుంజను మళ్ళీ కంచెలోనే పాతవచ్చు. అదే దానికి ఉత్తమమైన పునర్వినియోగం. బావి గిలకకు, నీటితొట్టికి, పశువుల గాడికి, చెరువు తూముకు, చేపల గుంటకు, నారుమడి గట్టుకు, కూరగాయల మడికి, ధాన్యం నిలవచేసే గరిసెకు అది పనికిరాదు. నేలమట్టం దగ్గర చెడిన గుంజను కోసి పొట్టిగుంజగా వాడదలచినప్పుడు కోసిన కొసను పైకి ఉంచాలి. మందు సాధారణంగా పైపొరలలోనే దట్టంగా ఉంటుంది కాబట్టి, కోతతో బయటపడిన నడిమి భాగాన్ని మట్టిలో పెడితే శిలీంధ్రాలకు తలుపు తెరిచినట్లే. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకొని, కింద పట్టా పరచి పొట్టునంతా ఎత్తివేయాలి. పని ముగిసిన తరువాత చేతులు కడుగుకొనకుండా అన్నం ముట్టరాదు. పాత గుంత మట్టిని తీసి పాదులకు పోయరాదు.

ఇంటింటి చిట్కాలను కూడ ఇదే తూకంతో తూచాలి. గుంజ మొదలును నిప్పులో మాడ్చి పాతే పద్ధతి పాతది. బొగ్గును శిలీంధ్రం తినదన్న మాట నిజమే. కాని మాడిన పొర పగుళ్ళ గుండా లోపలి కొయ్యకు తేమ చేరుతూనే ఉంటుంది. పరీక్షలలో ఈ పద్ధతి గుంజ ఆయువును చెప్పుకోదగినంతగా పెంచలేదు. వాడి పారపోసే ఇంజను నూనెను పూయడం దీనికంటె చెడ్డది. అది కొయ్య లోనికి ఇంకదు. ఇంకకపోగా దానిలోని లోహాలు, హానికరమైన తారు పదార్థాలు మొదటి వానకే నీటిలో కలుస్తాయి. మందు పట్టిన కొయ్యకు భయపడి ఈ నూనెను ఆశ్రయించడం పెనం మీది నుండి పొయ్యిలో పడడమే.

కొత్తగా పాతవలసినచోట, ముఖ్యంగా నీటి పక్కన, మందు అవసరమే లేని మార్గాలు ఇక్కడి రైతుకు తెలియనివి కావు. రాతి కడీ అన్నిటిలో మొదటిది. పాషాణమనే మాటకు తెలుగులో రాయి అనీ, విషమనీ రెండర్థాలున్నాయి. చెరువు పక్కన పాతవలసినది మొదటి అర్థంలోని పాషాణాన్నే. కడీకి కుళ్ళు లేదు, చెద లేదు, నీటికి అది చేసే హాని లేదు. దాని ఖర్చు ఒక్కసారి ఎక్కువగా కనిపించినా, తరాల మీద పంచి చూస్తే స్వల్పం. వావిలి, గచ్చ, గోరింట, జెముడు మొదలైన వాటితో పెంచే సజీవకంచె రెండవది. అది కుళ్ళడానికి బదులు ఏటేటా బలపడుతుంది. కొయ్యే కావలసినప్పుడు తెల్లకొయ్యను చెక్కివేసిన చేవగుంజను తీసికొని, గుంతలో గులకరాళ్ళు వేసి, మొదలు చుట్టూ మట్టిని వాలుగా ఎత్తుచేసి, పైకొసను ఏటవాలుగా కోస్తే నీరు నిలవదు. తేమను తప్పించడమే విషం లేని సంరక్షణ.

పాఠశాలకు ఒక ప్రయోగం

ఈ విషయాన్ని పరీక్షించడానికి విషలవణాల అవసరం లేదు. ఉన్నత పాఠశాల ఆవరణలోనే చేయవచ్చు. టేకు చేవ, టేకు తెల్లకొయ్య, వేప, తుమ్మ కొయ్యలతో బొటనవ్రేలి మందాన, 30 సెంటీమీటర్ల పొడవున గూటాలు చెక్కించాలి. ప్రతి రకం నుండి కొన్నిటిని పొడినేలలో, కొన్నిటిని కుళాయి నీరు పారేచోట సగం దాకా పాతి, కొన్నిటిని కుండనీటిలో పూర్తిగా ముంచి ఉంచాలి. మూడు నెలలకొకసారి తీసి, దబ్బనంతో గుచ్చి ఎంత లోతు దిగుతున్నదో వ్రాసికొనాలి. రెండు ఏళ్ళ పట్టికను చూస్తే నేలమట్టం మహిమ, చేవ మహిమ, నీటి అడుగున గాలిలేమి మహిమ విద్యార్థులకు పుస్తకం లేకుండానే బోధపడుతుంది.

రసాయనశాస్త్ర పాఠంలో క్రోమియం వేలెన్సీలను బోధించేటప్పుడు కామేశం పేరు చెప్పడం ఉచితం. ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు ఆ మార్పును ఎంత నేర్పుగా వాడుకొన్నదీ పిల్లలకు తెలియాలి. అదే పాఠంలో పైన వేసిన బావి లెక్కను కూడ చేయించాలి. మందు కొయ్యను ఎంతకాలం కాపాడింది, ఆ తరువాత ఆ కొయ్య ఎక్కడికి చేరింది అన్న ఈ రెండు లెక్కలూ ఒకే పలకమీద ఉన్నప్పుడే కామేశం కృషికి సరియైన విలువ కట్టినట్లవుతుంది. టేక్మాల్ బావినీటికి కూడ న్యాయం జరిగినట్లవుతుంది.